సబ్‌వూఫర్ యాంప్లిఫయర్: పెట్టెలోనే ఉంచాలా, విడిగా పెట్టాలా?

సబ్‌వూఫర్‌ను (లోతైన బాస్ శబ్దాలను పలికే స్పీకర్‌ను) నడిపే యాంప్లిఫయర్‌ను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు ప్రధానంగా మూడు జవాబులున్నాయి. మొదటిది, యాక్టివ్ సబ్‌వూఫర్లలో మనం సాధారణంగా చూసే పద్ధతి: లోహపు పలకకు బిగించిన ప్లేట్ యాంప్‌ను స్పీకర్ పెట్టె వెనుక గోడలోనే అమర్చడం. రెండవది, పెట్టెలో డ్రైవర్‌ను (కదులుతూ శబ్దం పుట్టించే భాగాన్ని) మాత్రమే ఉంచి, విడి పవర్ యాంప్‌ను మిగతా పరికరాలతో పాటు ర్యాక్‌లో పెట్టి, స్పీకర్ వైరు మాత్రమే లాగడం. మూడవది, ప్లేట్ యాంప్‌నే పెట్టెలోంచి ఊడదీసి, దానికంటూ చిన్న డబ్బా కట్టి పక్కన పెట్టడం. ఈ చర్చ ఎప్పుడు జరిగినా, అంత అదురులో ఎలక్ట్రానిక్స్ ఎన్నాళ్లు నిలుస్తాయన్న భయం దగ్గరే మొదలవుతుంది. ఆ భయం నిరాధారం కాదు గానీ, ఎంపికను తేల్చవలసింది అది కాదని నా అభిప్రాయం. డ్రైవర్‌ను కాపాడే ఫిల్టర్లు, లిమిటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు) ఎవరి బాధ్యతలో ఉంటాయి, ఏ వైరు ఎంత దూరం నడవాలి, పాడైన రోజున దేన్ని విప్పి దేన్ని మార్చాలి అన్న విషయాల దగ్గరే అసలు తేడా బయటపడుతుంది.

అదురు, పీడనం

భయం సంగతి ముందుగా తేల్చుకుందాం. 12 అంగుళాల డ్రైవర్ 50 లీటర్ల మూసిన పెట్టెలో ఉందనీ, దాని కదిలే భాగాలన్నీ కలిపి 200 గ్రాములు తూగుతాయనీ, 30 హెర్ట్జ్ దగ్గర కోన్ (డ్రైవర్‌లో గాలిని నెట్టే గరాటు ఆకారపు పొర) మధ్యస్థానం నుంచి అటూ ఇటూ 10 మిల్లీమీటర్ల చొప్పున కదులుతోందనీ అనుకుందాం. అంత కదలికకు పెట్టెపై ఎదురుగా పడే బలం సుమారు 71 న్యూటన్లు. పెట్టె బరువు 25 కిలోలైతే, అది గురుత్వ త్వరణంలో దాదాపు 0.3 వంతు త్వరణంతో ఊగుతుంది. అయినా ఆ ఊగే దూరం మిల్లీమీటరులో పదో వంతుకైనా చేరదు. రెండు డ్రైవర్లను ఎదురెదురు గోడలకు బిగించిన పెట్టెల్లో ఈ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి ఆ కాస్త ఊగు కూడా చాలావరకు ఉండదు.

గట్టి దెబ్బ నిజానికి గాలి నుంచి తగులుతుంది. అదే కదలికలో కోన్ దాదాపు అర లీటరు గాలిని నొక్కుతుంది. దానితో పెట్టె లోపలి పీడనం బయటి పీడనం కంటే 1,300 పాస్కల్‌లకు పైగా పెరుగుతూ, అంతే మేర తగ్గుతూ ఉంటుంది. ధ్వని లెక్కలో చెప్పాలంటే పెట్టె లోపల 150 డెసిబెల్‌లు దాటిన మోత అది. 25 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న యాంప్ పలకను ఆ పీడనం ఎనిమిది కిలోలకు మించిన బరువుతో సమానమైన బలంతో సెకనుకు 30 సార్లు బయటికి తోసి, మళ్లీ లోపలికి లాగుతుంది. పలక పలచనిదైతే అది వంగుతుంది, దానికి బిగించిన సర్క్యూట్ బోర్డూ వంగుతుంది, పొడవాటి కెపాసిటర్లు, బరువైన కాయిళ్ల కాళ్ల దగ్గర టంకం క్రమంగా బీటలు వారుతుంది. కొన్నేళ్లు బాగా పనిచేసిన సబ్‌వూఫర్ ఉన్నట్టుండి ఆగి ఆగి మోగడానికి, పెట్టెను చేత్తో తడితే మళ్లీ పలకడానికి చాలాసార్లు ఇలాంటి అతుకే కారణం.

అయితే ఈ అంకెలు డ్రైవర్‌ను దాని శక్తి అంచుల దాకా నడిపినప్పటివి. మామూలు శబ్దంతో వినేటప్పుడు కదలిక ఇందులో చిన్న భాగమే ఉంటుంది. పైగా జాగ్రత్తగా చేసిన సబ్‌వూఫర్లలో యాంప్ వెనుక విడిగా మూసిన అర (చిన్న గది) ఉంటుంది, డ్రైవర్ నొక్కే గాలి ఎలక్ట్రానిక్స్‌ను తాకనే తాకదు. కొనబోయే సబ్‌వూఫర్ లోపలి ఫొటో దొరికితే ముందుగా ఈ అర ఉందో లేదో చూడాలి. అది లేకపోతే కెపాసిటర్ల మొదళ్లను జిగురుతో కదలకుండా పట్టి ఉంచారా, కనెక్టర్లకు తాళపు కొక్కేలు ఉన్నాయా, పలక చుట్టూ గాలి పోని ఫోమ్ పట్టీ ఉందా అన్నవి గమనించాలి. జిగురు విషయంలో ఒక మాట చెప్పాలి: పాత పరికరాల్లో వాడిన ఒక రకం పసుపు జిగురు ఏళ్ల తరబడి వేడికి గోధుమ రంగుకు తిరిగి, విద్యుత్తును కొంత పారనిచ్చే స్థితికి వస్తుందన్నది మరమ్మతు చేసేవారందరికీ తెలిసిన సంగతే. అదురు నుంచి కాపాడడానికి పూసినదే బోర్డును పాడుచేసిన సందర్భాలు అవి.

కాబట్టి అదురు ఒక్కటే కారణంగా, బాగా పనిచేస్తున్న యాక్టివ్ సబ్‌వూఫర్‌ను విప్పి యాంప్‌ను బయట పెట్టడం అనవసరమైన శ్రమ. అర లేని చౌక నిర్మాణం, దానికి తోడు గంటల తరబడి గట్టిగా మోగించే అలవాటు రెండూ కలిసిన చోట మాత్రం ఆ శ్రమకు అర్థం ఉంది.

వేడి విషయంలోనూ బయట పెట్టడమే ఎప్పుడూ మేలని అనుకోవడం సరి కాదు. క్లాస్ డీ యాంప్‌లు పూర్తి శక్తి దగ్గర దాదాపు 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయి. పాత క్లాస్ ఏబీ యాంప్‌లకు సిద్ధాంతరీత్యా గరిష్ఠ పరిమితే 78.5 శాతం, ఆచరణలో అంతకంటే తక్కువే వస్తుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉన్న చోట ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. ప్లేట్ యాంప్‌కు వేడిని వదిలే రెక్కలు గది గాలిలోకి తిరిగి ఉంటే, వెనుక గోడకూ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉంటే, అది చల్లగానే ఉంటుంది. విడి యాంప్‌ను తలుపులున్న మూసిన అల్మరాలో రిసీవర్ (మిగతా స్పీకర్లను నడుపుతూ సబ్‌వూఫర్‌కు సిగ్నల్ పంపే ప్రధాన పరికరం) నెత్తిన పెడితే అంతకంటే ఎక్కువగా వేడెక్కుతుంది.

ఫిల్టర్లు, లిమిటర్ ఎవరి బాధ్యత

ఇక అసలు విషయం. యాక్టివ్ సబ్‌వూఫర్‌లోని ప్లేట్ యాంప్ కేవలం శక్తిని ఇచ్చే పరికరం కాదు. ఆ డ్రైవర్‌కు, ఆ పెట్టెకు సరిపోయేలా తయారీదారు ముందే అమర్చిన దిద్దుబాట్లన్నీ అందులో ఉంటాయి, వాటి ఉనికి వినేవారికి తెలియదు. మూసిన పెట్టెలో శబ్దం ఒక పౌనఃపున్యానికి దిగువన ప్రతి ఆక్టేవ్‌కు (పౌనఃపున్యం సగమయ్యే ప్రతిసారీ) 12 డెసిబెల్‌ల చొప్పున పడిపోతుంది. చిన్న పెట్టె నుంచి లోతైన బాస్ రావాలంటే ఆ పడిపోయిన భాగాన్ని యాంప్ ముందే ఎత్తి పంపాలి. ఒక ఆక్టేవ్ కిందికి సమంగా సాగదీయాలంటే 12 డెసిబెల్‌లు, అంటే సుమారు 16 రెట్ల శక్తి కావాలి. చిన్న యాక్టివ్ సబ్‌వూఫర్లు తమ పరిమాణానికి మించిన లోతుతో పలకడం వెనుక ఉన్నది ఈ ఏర్పాటే. అలాంటి పెట్టెలోని యాంప్‌ను తీసేసి, రెట్టింపు వాట్లున్న విడి యాంప్‌ను నేరుగా డ్రైవర్‌కు కలిపినవారు బాస్ పెరగకపోగా సన్నబడిందని ఆశ్చర్యపోతారు. లోపం కొత్త యాంప్‌లో ఉండదు. పాత యాంప్‌తో పాటు ఈక్వలైజేషన్ (పౌనఃపున్యాలను బట్టి శబ్దాన్ని ఎత్తి దించే ఆ దిద్దుబాటు) కూడా వెళ్లిపోయింది.

పోర్ట్ (గాలి బయటికి వచ్చే గొట్టం) ఉన్న పెట్టెలో ఇది డ్రైవర్ ప్రాణం మీదికి వస్తుంది. ఉదాహరణకు పోర్ట్‌ను 25 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన పెట్టెలో, ఆ ట్యూనింగ్ దగ్గర పోర్ట్‌లోని గాలే ఎక్కువ పని చేస్తుంది, కోన్ కదలిక చాలా తగ్గుతుంది. దానికి దిగువకు వెళ్లేసరికి పోర్ట్ తెరిచి ఉన్న రంధ్రంలా ప్రవర్తిస్తుంది, కోన్‌కు గాలి ఆసరా పోతుంది, కొద్దిపాటి శక్తికే అది హద్దు దాటి కదులుతుంది. సినిమాల్లోని పేలుళ్లలో 20 హెర్ట్జ్‌కు దిగువ శబ్దం కావలసినంత ఉంటుంది. మన చెవికి దాదాపు ఏమీ వినిపించని ఆ క్షణంలోనే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) డ్రైవర్ వెనుక పలకకు ఠంగున తగులుతుంది. ప్లేట్ యాంప్‌లో దీన్ని అడ్డుకునే హై పాస్ ఫిల్టర్ (ఒక హద్దుకు దిగువ పౌనఃపున్యాలను ఆపేది), లిమిటర్ ముందే ఉంటాయి. విడి యాంప్ తీసుకుంటే వాటిని మనమే ఏర్పాటు చేసుకోవాలి. రిసీవర్లు సాధారణంగా లో పాస్ ఫిల్టర్ (ఎగువ పౌనఃపున్యాలను ఆపేది), దూరం, స్థాయి వంటివి చూసుకుంటాయే తప్ప, మీ పెట్టె ఏ పౌనఃపున్యానికి ట్యూన్ అయిందో వాటికి తెలియదు.

అందువల్ల విడి యాంప్ దారిలో డీఎస్పీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా దిద్దే పరికరం) ఉండి తీరాలి, అది యాంప్‌లోనే ఉన్నా, ముందు కలిపే వేరే పెట్టెగా ఉన్నా సరే. పోర్ట్ పెట్టెకు ట్యూనింగ్‌కు కాస్త దిగువన ఆక్టేవ్‌కు 24 డెసిబెల్‌ల వాలుతో హై పాస్ పెట్టడం కనీస జాగ్రత్త. లిమిటర్‌ను వోల్టేజీ లెక్కతో అమర్చాలి: 4 ఓమ్‌ల డ్రైవర్‌ను 400 వాట్లకు పరిమితం చేయాలంటే యాంప్ ఇవ్వదగిన గరిష్ఠం 40 వోల్టులు. ఈక్వలైజేషన్‌ను చెవితో కాకుండా కొలత మైక్రోఫోన్‌తో చేయాలి. ఈ పనిలో ఆసక్తి ఉన్నవారికి ఇదే విడి యాంప్ ఇచ్చే పెద్ద ప్రయోజనం కూడా. గది మారినా, పెట్టె మారినా, డ్రైవర్ మారినా దిద్దుబాట్లన్నీ వారి చేతిలోనే ఉంటాయి. ఆ ఆసక్తి లేనివారు దానిని ప్రయోజనంగా భావించడంలో అర్థం లేదు. వారికది ఎప్పటికీ పూర్తికాని పనిగానే మిగులుతుంది.

సిగ్నల్ స్థాయిల పొంతన కూడా ఇక్కడే చూసుకోవాలి. వేదికల మీద వాడే ప్రొఫెషనల్ యాంప్‌లు తక్కువ ధరకు ఎక్కువ వాట్లు ఇస్తాయి గనుక చాలామంది వాటివైపు మొగ్గుతారు, కానీ అవి ఇళ్లలోని పరికరాలు ఇచ్చేదానికంటే బలమైన సిగ్నల్‌ను ఆశిస్తాయి. యాంప్ గెయిన్ (లోనికి వచ్చిన వోల్టేజీని అది పెంచే మేర) 26 డెసిబెల్‌లు, అంటే 20 రెట్లు అనుకుందాం. పైన చెప్పిన 40 వోల్టులు రావాలంటే లోనికి 2 వోల్టులు వెళ్లాలి. రిసీవర్‌నుంచో, మధ్యలోని డీఎస్పీనుంచో ఒక వోల్టే వస్తే దక్కేది 100 వాట్లే, అంటే కొన్న దానిలో నాలుగో వంతు. కొన్ని యాంప్‌లలో ఇన్‌పుట్ సెన్సిటివిటీని (పూర్తి శక్తికి లోనికి రావలసిన వోల్టేజీని) మార్చుకునే స్విచ్ ఉంటుంది. క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ శ్రేణిలో దాన్ని 0.775 వోల్టులకో 1.4 వోల్టులకో పెట్టుకోవచ్చు. కొనే ముందు ఈ రెండు పరికరాల స్పెసిఫికేషన్లను పక్కపక్కన పెట్టి చదవడానికి పట్టే సమయం పది నిమిషాలే.

ఇలాంటి యాంప్‌లకు ఫ్యాన్ మోత ఉంటుంది, నిశ్శబ్దమైన గదిలో అది చెవికి తగులుతుంది. సిగ్నల్ రాగానే దానంతట అదే ఆన్ కావడం, ఆగగానే స్టాండ్‌బైలోకి వెళ్లడం ప్లేట్ యాంప్‌లలో మామూలు; ప్రొఫెషనల్ యాంప్‌లలో అన్నింటికీ ఆ సౌకర్యం ఉండదు.

వైర్లు, హమ్

యాంప్ పెట్టెలో ఉంటే సబ్‌వూఫర్ దాకా రెండు వైర్లు వెళ్లాలి: ఒకటి కరెంటు, రెండవది సన్నని సిగ్నల్ వైరు. బయట ఉంటే స్పీకర్ వైరు ఒక్కటి చాలు. మూలన ప్లగ్ పాయింటు లేని గదిలో ఈ ఒక్క తేడాయే నిర్ణయాన్ని ముగించవచ్చు.

పొడవాటి స్పీకర్ వైరు వల్ల బాస్ బిగువు పోతుందన్న ప్రచారం చాలా ఉంది. లెక్క వేసి చూస్తే అందులో పస కనిపించదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును 10 మీటర్లు లాగితే రాకపోకలు కలిపి దాని నిరోధం సుమారు 0.14 ఓమ్. 4 ఓమ్‌ల డ్రైవర్‌కు దానివల్ల కలిగే నష్టం 0.3 డెసిబెల్. డ్రైవర్ సొంత వాయిస్ కాయిల్ నిరోధమే మూడు ఓమ్‌లకు పైన ఉంటుంది. గట్టిగా మోగించినప్పుడు ఆ కాయిల్ 50 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 20 శాతం, అంటే 0.6 ఓమ్ పెరుగుతుంది. వైరు తెచ్చే మార్పు దానిలో నాలుగో వంతు కూడా లేదు. దూరం పెరిగితే వైరు మందం పెంచాలి, అంతకుమించి ఆలోచించనవసరం లేదు.

పొడవాటి సిగ్నల్ వైరుకు ఉన్న చిక్కు ఇంతకంటే పెద్దది. సబ్‌వూఫర్ ఒక ప్లగ్ పాయింటు నుంచి, రిసీవర్ మరో పాయింటు నుంచి కరెంటు తీసుకుంటూ, రెండింటి మధ్య ఆర్‌సీఏ కేబుల్ (ఇళ్లలోని ఆడియో పరికరాలకు వాడే మామూలు సిగ్నల్ వైరు) ఉన్నప్పుడు, ఎర్త్‌ల మధ్య ఉన్న చిన్న తేడా వల్ల ఆ కేబుల్ కవచంలో విద్యుత్తు ప్రవహించి హమ్ (ఎడతెగని గుయ్‌మనే మోత) పుడుతుంది. సరఫరా పౌనఃపున్యం 50 లేదా 60 హెర్ట్జ్. అది, దాని రెట్టింపు రెండూ సబ్‌వూఫర్ పలికే పరిధిలోనే పడతాయి కాబట్టి మిగతా స్పీకర్లలో వినబడని హమ్ ఇక్కడ గది అంతా నిండుతుంది. యాంప్‌ను రిసీవర్ పక్కనే పెట్టి, ఒకే పవర్ స్ట్రిప్ నుంచి కరెంటు ఇచ్చి, అర మీటరు సిగ్నల్ కేబుల్ వాడితే ఈ సమస్య చాలావరకు పోతుంది. విడి యాంప్‌కు నేను నిస్సందేహంగా మార్కులు వేసే చోటు ఇది. ప్లేట్ యాంప్‌తోనే ఉండదలచినవారు బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్షన్ (రెండు తీగల్లో సిగ్నల్ పంపి, రెండింటిలోనూ సమంగా చేరిన మోతను రద్దు చేసే పద్ధతి) గానీ, తక్కువ పౌనఃపున్యాలకు తగిన సిగ్నల్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ వాడాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్నును తీసేయడం వల్ల హమ్ పోవచ్చు, కానీ ఏదైనా లోపం తలెత్తినప్పుడు లోహపు పలకకే కరెంటు వస్తుంది. ఆ పని ఎవరు సలహా ఇచ్చినా చేయకూడదు.

విడి యాంప్ వైపు స్పీకర్ వైరుకు స్పీకాన్ కనెక్టర్ ఉత్తమం, అది తిప్పితే తాళం పడుతుంది. రెండు పెట్టెలను ఒకే యాంప్‌తో నడిపేటప్పుడు ఓమ్‌ల లెక్క తప్పకూడదు: 4 ఓమ్‌లవి రెండింటిని ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌లో 8 ఓమ్‌లు. బ్రిడ్జ్ చేసిన (రెండు ఛానెళ్లను ఒకటిగా కలిపి వాడే) యాంప్‌కు 4 ఓమ్‌లు ఇస్తే ఒక్కో ఛానెల్‌కు అది 2 ఓమ్‌లుగానే కనిపిస్తుంది.

మధ్యే మార్గం: ప్లేట్ యాంప్‌కు వేరే డబ్బా

ఉన్న ప్లేట్ యాంప్‌నే బయటికి తీయడంలో ఒక తెలివి ఉంది. ఫిల్టర్లు, ఈక్వలైజేషన్, లిమిటర్, స్టాండ్‌బై అన్నీ యథాతథంగా ఉంటాయి; పోయేవి అదురు, పీడనం మాత్రమే. అదురు వల్ల ఒకసారి పాడై మరమ్మతు పొందిన యాంప్‌కు ఇది మంచి చికిత్స. కొత్త పెట్టె కడుతున్నవారికి యాంప్ ఆక్రమించే కొన్ని లీటర్ల స్థలం కూడా మిగులుతుంది.

చేసే విధానంలో మాత్రం అజాగ్రత్త పనికిరాదు. ప్లేట్ యాంప్ వెనుక భాగం తెరిచి ఉంటుంది, అక్కడ నేరుగా సరఫరా కరెంటు ఉన్న భాగాలుంటాయి, స్విచ్ ఆపిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉండవచ్చు. కాబట్టి దాన్ని బల్లపై అలాగే వదిలేయడం, వెనుక అట్ట పెట్టి సరిపెట్టుకోవడం కుదరదు. లోహపు డబ్బా అయితే దాన్ని ఎర్త్‌కు కలపాలి. ఏ డబ్బా అయినా కిందా పైనా గాలి రంధ్రాలు ఉండాలి, అవి వేలు దూరనంత చిన్నవిగా ఉండాలి. పలక రెక్కలు నిలువుగా ఉండేట్టు నిలబెట్టాలి, ఎందుకంటే వేడెక్కిన గాలి పైకి పోవడానికి ఆ రెక్కల మధ్య దారి కావాలి. పాత పెట్టెలో ఏర్పడిన రంధ్రాన్ని పెట్టె గోడ మందమే ఉన్న చెక్కతో, చుట్టూ ఫోమ్ పట్టీ వేసి, గాలి చొరబడకుండా మూయాలి. మూసిన పెట్టెలో చిన్న సందు ఉన్నా గట్టి బాస్ వచ్చినప్పుడు అక్కడినుంచి బుస్సుమన్న శబ్దం వస్తుంది. యాంప్ వెనుక విడి అర ఉన్న పెట్టెలో ఆ అరను కూడా ప్రధాన పెట్టెలో కలిపేస్తే ఘనపరిమాణం పెరుగుతుంది, పోర్ట్ ఉన్న పెట్టెకు ట్యూనింగ్ కిందికి జారుతుంది. అందుకని అర గోడను అలాగే ఉంచి, దానిలోంచి వైరు వెళ్లే రంధ్రాన్ని మాత్రం సీల్ చేయడం మేలు.

సర్వో పద్ధతిలో పనిచేసే సబ్‌వూఫర్లను ఈ పనికి ఎంచుకోకూడదు. వాటిలో కోన్ కదలికను పసిగట్టే సెన్సర్ లేదా అదనపు కాయిల్ నుంచి వైర్లు యాంప్‌కు తిరిగి వస్తాయి. ఆ బలహీనమైన సిగ్నల్‌ను పొడవాటి వైరులో, స్పీకర్ కరెంటు పక్కనే నడపడం తయారీదారు అనుమతిస్తే తప్ప చేయదగినది కాదు.

ఎవరికి ఏది

ఒకే సబ్‌వూఫర్, ఒక గది, పక్కనే ప్లగ్ పాయింటు, కొలతల మీద ఆసక్తి లేకపోవడం: ఇది మీ పరిస్థితి అయితే యాంప్ పెట్టెలోనే ఉన్న సబ్‌వూఫర్ కొనండి, మరో ఆలోచన అక్కర్లేదు. దానికి ఉన్న ఒకే పెద్ద బలహీనత వారంటీ తరువాతి కాలం. డ్రైవర్ దశాబ్దాల పాటు నిలుస్తుంది, ఎలక్ట్రానిక్స్ అంతకు ముందే అలసిపోతాయి, పలక కొలతలకు అందరూ పాటించే ప్రమాణం లేనందున వేరే తయారీదారు యాంప్ ఆ రంధ్రంలో సరిపోకపోవచ్చు. అందుకని కొనేటప్పుడే ఆ మోడల్‌కు యాంప్ విడిగా దొరుకుతుందా అని అడగడం మంచిది.

రెండు, అంతకు మించి సబ్‌వూఫర్లు పెట్టేవారు, గోడలో ఇమిడే సబ్‌వూఫర్ కావాలనుకునేవారు, సొంతంగా పెట్టె కట్టేవారు విడి యాంప్‌తోనే సుఖపడతారు. ఒక రెండు ఛానెళ్ల యాంప్, ఒక డీఎస్పీతో రెండు పెట్టెలకు వేర్వేరు ఆలస్యం, వేర్వేరు స్థాయి ఇవ్వవచ్చు. యాంప్ పాడైతే పెట్టెలను కదపకుండా దాన్ని మాత్రమే మార్చవచ్చు. యాంప్ చోటు మార్చిన తరువాత గానీ, డీఎస్పీ చేర్చిన తరువాత గానీ రిసీవర్‌లో సబ్‌వూఫర్ దూరాన్ని మళ్లీ కొలిపించాలి, ఎందుకంటే డీఎస్పీ కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యాన్ని జత చేస్తుంది. పోలారిటీని (ప్లస్, మైనస్ తారుమారు కాలేదా అన్నదాన్ని) 1.5 వోల్టుల బ్యాటరీతో చూసుకోవచ్చు: ప్లస్‌ను ప్లస్‌కు ఒక్క క్షణం తాకిస్తే సాధారణంగా కోన్ ముందుకు రావాలి.

పెట్టె కట్టడం మొదలుపెట్టి, ఇంకా ఎటూ తేల్చుకోనివారు వెనుక గోడలో ప్లేట్ యాంప్ పట్టేంత రంధ్రం ముందే కోసి, లోపల మూడు నాలుగు లీటర్ల అరను కట్టి, ప్రస్తుతానికి ఆ రంధ్రాన్ని 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకతో మూసి, ఆ పలకకే స్పీకాన్ సాకెట్ బిగించుకోవచ్చు. ఆ అర ఘనపరిమాణాన్ని లెక్కలో ముందే తీసేయాలి. పలకను నేరుగా చెక్క స్క్రూలతో కాకుండా లోపలివైపు టీ నట్లు (చెక్కలో దిగి నిలిచే లోహపు నట్లు) వేసి బోల్టులతో బిగిస్తే, ఎన్నిసార్లు విప్పినా రంధ్రాలు వదులు కావు.